సెలూన్‌లో టిప్పు ఎంత ఇవ్వాలి? ఓనరే కత్తెర పడితే ఇవ్వాలా వద్దా?

కోటగుమ్మం (విజయనగరం):

అందరికీ నమస్కారం. మాఘమాసంలో మా చెల్లి పెళ్లి, శ్రీకాకుళంలో. ఈలోగా ఇంటిల్లిపాదికీ సెలూన్, పార్లర్ పనులున్నాయి. మగవాళ్ల కటింగులు, అమ్మ జుట్టుకి రంగు, ఇద్దరు ఆడపిల్లలకి స్మూతెనింగ్. పెళ్లికూతురి మేకప్‌కి విశాఖ నుంచి ఒకావిడ టీముతో వస్తున్నారు. టిప్పు మాట వచ్చేసరికి ఇంట్లో రెండు పార్టీలైపోయాయి. అమెరికా నుంచి వచ్చే పిన్ని 20 శాతం ఇవ్వకపోతే పరువు తక్కువంటోంది. నాన్నగారేమో "రేటు కట్టాక మళ్లీ టిప్పేటి" అంటున్నారు.

మామూలు కటింగ్‌కి ఎంత ఇస్తే సబబు? ఓనరే స్వయంగా చేస్తే ఇవ్వాలా? బిల్లుతో కలిపి ఫోన్‌పే కొట్టేస్తే సరిపోదా? తెలిసినవాళ్లు అంకెలతో చెబితే పుణ్యముంటుంది.

కత్తెర_దువ్వెన (శ్రీకాకుళం):

అంకెల కంటే ముందు ఆ షాపు ఏ పద్ధతిలో నడుస్తోందో చూడండి. మన వైపు మూడు రకాలు కనిపిస్తాయి, దాన్నిబట్టే టిప్పు లెక్క మారిపోతుంది.

ఒకటి, ఒకే కుర్చీ షాపు. ఓనరూ ఆయనే, పనివాడూ ఆయనే. రెండోది సగం-సగం. షాపు అద్దె, కరెంటు, బ్లేడ్లు, క్రీములు ఓనరువి, చెయ్యి పనివాడిది. 150 రూపాయల కటింగ్ అనుకుంటే 75 ఇటు, 75 అటు. చెయ్యి తిరిగినవాడైతే 60 శాతం అడుగుతాడు. ఇక్కడ మీరిచ్చే 20 రూపాయల నోటు అతని వాటాలో పావు వంతు దాటుతుంది. మీకది చిల్లర, అతనికి ఇంచుమించు ఒక గెడ్డం గీసినంత.

మూడోది ఏసీ సెలూన్. జీతం, దాని మీద ఇన్సెంటివ్. ఈ ఇన్సెంటివ్ మొదటి రూపాయి నుంచి రాదు. జీతానికి ఇన్ని రెట్లు బిల్లింగ్ చెయ్యాలని టార్గెట్ పెడతారు. 15,000 జీతం, మూడు రెట్ల టార్గెట్ అనుకోండి, 45,000 బిల్లింగ్ దాటితే గానీ పైసా కదలదు. మీరు ఆఫర్లో సగం ధరకి చేయించుకుంటే అతని పని తగ్గదు, అతని పేరు మీద పడే బిల్లింగ్ మాత్రం సగమైపోతుంది. అంచేత కూపన్ పట్టుకుని వెళ్లినప్పుడు టిప్పు అసలు రేటు మీద అనుకోవాలి.

ఇప్పుడు అంకెలు. మామూలు షాపులో కటింగ్‌కి 10 నుంచి 20, కటింగ్ గెడ్డం రెండూ అయితే 20 నుంచి 30. ఏసీ సెలూన్‌లో 300, 400 బిల్లుకి 50. ఐబ్రోస్‌కి 10, 20 చాలు. ఫేషియల్ గంట సేపు వేళ్లతో చేసే పని, 50 నుంచి 100 ఇవ్వండి. మన ఊళ్లలో శాతాలు ఎవరూ లెక్కెయ్యరు, నోట్లే లెక్క. చిన్న బిల్లుకి శాతం ఎక్కువా, పెద్ద బిల్లుకి తక్కువా పడుతుంది, పడనివ్వండి.

స్మూతెనింగ్ సంగతి వేరు. నడుం దాకా జుట్టుంటే నాలుగైదు గంటల పని. క్రీము కలిపి, రాసి, టైము చూసేది స్టైలిస్టు. కడిగి ఆరబెట్టాక వేలెడు మందం పాయలు తీసి ఒక్కోదాన్ని నాలుగైదు సార్లు ఇస్త్రీ పట్టేది చాలాచోట్ల అసిస్టెంట్. ముందు దువ్వెన, దాని వెనకే ఇస్త్రీ, వేడి ఆవిరి నేరుగా మొహానికి. అలా రెండు గంటలు నిలబడే ఉంటారు. బయటికొచ్చేటప్పుడు కౌంటర్ దగ్గర కనిపించేది మాత్రం స్టైలిస్టే. మొత్తం అక్కడ ఇచ్చేసి వస్తే వెనక నిలబడ్డవాళ్లకి అందుతుందన్న నమ్మకం లేదు. 300 ఇద్దామనుకుంటే 200, 100గా విడగొట్టి రెండు చేతుల్లో పెట్టండి. తల కడిగిన మనిషి వేరే అయితే అక్కడే ఒక 20.

ఓనరే చేస్తే టిప్పు బాకీ లేదు. బిల్లంతా ఆయనకే పోతుంది, రేటు ఆయన పెట్టుకున్నదే. చాలదనుకుంటే పెంచుకుంటాడు. ఆయన పట్ల మర్యాద ఇంకో రకం: చెప్పిన టైముకి వెళ్లడం, బేరమాడకపోవడం, నలుగురికి చెప్పడం.

ఇంకో మాట. టిప్పు ఇస్తేనే కొత్త బ్లేడు వేస్తారనుకునేవాళ్లున్నారు. తప్పు. కొత్త బ్లేడు రేటులోనే ఉంది. మీ కళ్లముందే కాగితం విప్పి, రెండుగా విరిచి, సగం ముక్క కత్తిలోకి ఎక్కించాలి. ఎక్కించకపోతే అడగండి. హెపటైటిస్ బి, సి లాంటివి రక్తం అంటిన బ్లేడు ద్వారా వస్తాయి, ఇక్కడ మొహమాటం పనికిరాదు.

నాగావళిగట్టు (శ్రీకాకుళం):

20 శాతమేటి బావూ, మనకి దసరా మామూలుంది గదా! ఏడాది పొడుగునా ఒకే కుర్చీలో కూర్చునేవాడు ప్రతిసారీ జేబు తడుముకోనక్కర్లేదు. దసరాకో సంక్రాంతికో ఓ 200, బాగా అలవాటున్న మనిషైతే 500 చేతిలో పెడితే ఆ లెక్క అయిపోయినట్టే. పల్లెల్లో ఏడాదికోసారి ధాన్యం మేర కొలిచేవారు, ఈ మామూలు దాని తమ్ముడే.

పండగ రద్దీలో మాత్రం విడిగా ఇవ్వాలి. భోగి ముందు రోజు పొద్దున్నే షట్టర్ తీసినవాడు రాత్రి దాకా నడుం వాల్చడు. మీ విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా వెళ్లాక మంగళవారం నాడు గదా. మంగళవారం చాలా కటింగ్ షాపులకి సెలవు. అంచేత ఆది, సోమవారాల్లోనే ఊరంతా కుర్చీల ముందు క్యూ. ఆ రోజుల్లో 20 ఇచ్చే చోట 50 ఇచ్చినా తప్పులేదు.

పలాస_టు_డాలస్:

పిన్నిగారి మాట అక్కడికి సరైనదే. అమెరికాలో సెలూన్‌కి వెళ్తే ట్యాక్సు కలపని బిల్లు మీద 15 నుంచి 20 శాతం మామూలు. తల కడిగిన అసిస్టెంట్‌కి విడిగా 2 నుంచి 5 డాలర్లు. ఓనర్‌కి ఇవ్వక్కర్లేదన్నది అక్కడా పాత మర్యాదే. ఇప్పుడు ఓనర్ చేసినా చాలామంది ఇస్తున్నారు, వద్దని ఆయనే చెబితే తప్ప.

అక్కడ అంత ఎందుకంటే జీతాల లెక్కే వేరు. నెలకి 30 డాలర్లు దాటి టిప్పులొచ్చే ఉద్యోగికి యజమాని గంటకి 2.13 డాలర్లిచ్చినా కేంద్ర చట్టం ఒప్పుకుంటుంది. టిప్పులతో కలిపి 7.25 రాకపోతే తక్కువపడ్డది యజమాని పూడ్చాలి. చాలా రాష్ట్రాల్లో ఇంతకంటే ఎక్కువిస్తారు, అది వేరే విషయం. కుర్చీని అద్దెకి తీసుకుని పని చేసుకునే స్టైలిస్టులూ చాలామంది. వాళ్లకి ఆ కుర్చీ అద్దె, సామాను, ఇన్సూరెన్సు అన్నీ సొంత ఖర్చే. 2018లో చట్టం సవరించాక పనివాళ్ల టిప్పుల్లో ఓనర్లు, మేనేజర్లు వాటా పట్టుకోవడానికి వీల్లేదు. మనకి అరువు తెచ్చుకోదగింది 20 శాతం కాదు, ఈ చివరి ముక్క.

ఆ లెక్క తెచ్చి ఇక్కడ దింపితే 8,000 స్మూతెనింగ్‌కి 1,600 అవుతుంది. పిన్నిగారు ఇచ్చి విమానమెక్కేస్తారు. మర్నాడు అదే కుర్చీలో కూర్చుని 50 ఇచ్చే ఊరివాళ్లకి మొహమాటం మిగులుతుంది. ఇవ్వాలనే ఉంటే ఆవిడ 500 ఇవ్వొచ్చు, ఇద్దరు ముగ్గురికి పంచి.

పద్దుపుస్తకం (విజయనగరం):

ఫోన్‌పే ప్రశ్నకి జవాబు: కలిపి కొట్టొద్దు.

కౌంటర్ మీదున్న క్యూఆర్ ఓనర్ ఖాతాది. బిల్లు 350, మీరు 400 కొట్టారు. సౌండ్ బాక్సు నాలుగు వందలని గట్టిగా అరుస్తుంది, స్టైలిస్టూ వింటాడు. రాత్రి షాపు కట్టేటప్పుడు బిల్లు పుస్తకంలో 350, ఖాతాలో 400. ఆ 50 ఎవరికోసమో ఎక్కడా రాసి ఉండదు. రోజుకి నలభై మంది వచ్చే షాపులో ఇలాంటివి పది పోగైతే ఓనర్ మంచివాడైనా ఎవరిది ఎవరికో గుర్తుపెట్టుకోలేడు. కుర్రాడేమో తన 50 ఓనర్ మింగేశాడనుకుంటాడు. తగువు అక్కడ మొదలు. పైగా ఆ డబ్బు ఓనర్ అమ్మకాల్లో కలిసి కనిపిస్తుంది.

చెయ్యాల్సిందేంటంటే, బిల్లుకి బిల్లంతే స్కాన్ చెయ్యండి. టిప్పు నోటు రూపంలో, పని చేసిన మనిషికి. మెడ చుట్టూ కట్టిన గుడ్డ విప్పి, వెనక అద్దం పట్టి చూపించి, బ్రష్‌తో వెంట్రుకలు దులుపుతారు చూడండి, అప్పుడు ఇవ్వడం తేలిక. నోటు లేకపోతే "మీ నంబరుకి కొట్టనా" అని అతన్నే అడగండి. కొన్ని ఏసీ సెలూన్లలో స్టాఫ్ సొంత నంబర్లు ఇవ్వకూడదని రూలుంటుంది, అక్కడ బలవంతపెట్టొద్దు, ఉద్యోగానికి ఎసరు. టిప్ బాక్సు ఉంటే దాంట్లో వేసే ముందు ఎలా పంచుతారని ఒక మాట అడగండి. అందరికీ సమానమంటే ఊడ్చే మనిషికీ అందుతుంది, మంచిదే.

శాతం లెక్కేసేవాళ్లు జీఎస్టీ కలపని మొత్తం మీద వేసుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెలూన్, పార్లర్ సేవల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. 4,000 పనికి 200 ట్యాక్సు, మొత్తం 4,200. ఇంకా 720 వేస్తుంటే నిలదీయండి. అయితే ఈ 5 శాతంలో ఓనర్‌కి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. అద్దె మీదా సామాను మీదా కట్టిన జీఎస్టీ ఆయన ఖర్చులోకే పోతుంది. రేటు కార్డు కాస్త పెరిగి కనిపిస్తే కారణం అదీ కావచ్చు.

ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారమున్న షాపుకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు మీ దగ్గర ట్యాక్సు వసూలు చెయ్యకూడదు. బిల్లు మీద జీఎస్టీ నంబరు 37తో మొదలవ్వాలి, అది మన రాష్ట్రం కోడ్.

బిల్లులోనే సర్వీస్ చార్జీ అని ఒక గీత ఉంటే అది ఎవరికి పోతుందో అడగండి. స్టాఫ్‌కే అంటే మళ్లీ టిప్పు అక్కర్లేదు. హోటళ్లు, రెస్టారెంట్లు దాన్ని బలవంతంగా వెయ్యకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. ఆ మార్గదర్శకాల్లో సెలూన్ల పేరు లేదు గానీ, రేటు కార్డులో చూపించని చార్జీ చివర్లో తగిలిస్తే అడిగే హక్కు మీకుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

కాంప్లెక్స్_ఎదురుసందు (విజయనగరం):

కత్తెర గారి జవాబులో ఒక్క ముక్క దగ్గర నాకు పేచీ. "ఓనర్‌కి బాకీ లేదు" అన్నారు. అది నలుగురు స్టాఫ్‌ని పెట్టుకుని కౌంటర్లో కూర్చునే ఓనర్‌కి సరిపోతుంది. ఒక్క కుర్చీ షాపాయన పేరుకే ఓనరు. అడ్వాన్సు కట్టి, అద్దె కట్టి, కుర్చీకీ ఇన్వర్టర్‌కీ వాయిదాలు కట్టి, మిగిలింది ఇంటికి పట్టుకెళ్తాడు. ఇంట్లో ముందుగదిలో పార్లర్ నడిపే ఆడవాళ్లదీ అదే పరిస్థితి. రేటు పెంచుకోమనడం తేలికే, పక్క షాపువాడు 20 తక్కువకి చేస్తుంటే ఎక్కడ పెంచుతారు?

కత్తెర_దువ్వెన:

ఒప్పుకుంటాను. నా ఉద్దేశం స్టాఫ్ ఉన్న ఓనర్ల గురించి. ఒంటి కుర్చీ మనిషికి చిల్లర వదిలేయడం మన పద్ధతి. 130 అయితే 150 ఇచ్చి "ఉంచండి" అని లేచిపోవాలి. టిప్పు అని పేరు పెట్టి చేతిలో పెడితే కొందరు పెద్దవాళ్లు నొచ్చుకుంటారు, చిల్లర వదిలితే ఎవరూ నొచ్చుకోరు. స్టాఫ్ ఉన్నచోట ఓనర్ మీకు చేసి, మీరిచ్చింది తీసుకోకపోతే "పిల్లలకి టీకి" అని బల్ల మీద పెట్టేయండి, అది వాళ్లకే పోతుంది.

పని చెడితే? చెడగొట్టినవాడికి ఇవ్వక్కర్లేదు. కానీ మొహం ముడుచుకుని వెళ్లిపోవద్దు. చెవుల దగ్గర ఎత్తుపల్లాలుంటే కుర్చీలో ఉండగానే చెప్పాలి, రంగు మచ్చలు మచ్చలుగా పడితే వారంలోపు వెళ్లి సరిచేయించుకోవాలి. మంచి షాపైతే మళ్లీ డబ్బు అడగరు. గంటసేపు కూర్చోబెట్టింది ఓనర్ అయితే ఆ కోపం కటింగ్ చేసిన కుర్రాడి 20 మీద చూపించకండి.

అమ్మగారి రంగుకి ఒక జాగ్రత్త: కొత్త బ్రాండు అయితే 48 గంటల ముందు చెవి వెనక చుక్క పెట్టి చూడమనండి. నల్ల రంగుల్లో ఎక్కువగా ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి పడదు, మొహం వాచిపోతుంది. పిల్లల స్మూతెనింగ్ పెళ్లికి కనీసం రెండు వారాల ముందే కానివ్వండి. చేయించాక స్టైలిస్టు చెప్పినన్ని రోజులు తలకి నీళ్లు తగలకూడదు, జడ బిగించి కట్టకూడదు. నలుగు రోజుకి దగ్గరగా పెట్టుకుంటే రెండూ కుదరవు.

కోటగుమ్మం:

నాన్నగారికి చదివి వినిపించాను, చిల్లర వదలడానికి ఒప్పుకున్నారు! మేకప్ టీము సంగతి ఎవరూ చెప్పలేదు. ముహూర్తం రాత్రి 2 దాటాక. పెళ్లికొడుకు వైపు వాళ్లు గోళ్లు తీసే ఆయనకి టిప్పు ఎంతని కూడా అడుగుతున్నారు.

పూలజడ (విశాఖపట్నం - శ్రీకాకుళం):

ముందు కొటేషన్ తీసి మళ్లీ చదవండి. విశాఖ నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్లు దాటుతుంది. కారు ఖర్చు, రాత్రి బస, రెండో చీర మార్చినప్పుడు జడ మార్చడం, పూలజడ పూలు ఎవరు తెస్తారు, అమ్మకీ అత్తకీ చీర కట్టడం ఉందా లేదా. ముహూర్తం 2 దాటాకంటే సాయంత్రం ఒక అలంకరణ, ముహూర్తానికి ఒకటి, మధ్యలో ఐదారు గంటలు టీము ఊరికే కూర్చోవాలి. ఇవన్నీ ఫీజు కిందకొస్తాయి, టిప్పు కిందకి కాదు. ముందే తేల్చుకోకపోతే తెల్లారుజామున కారెక్కే ముందు గొడవ, అప్పుడు మీరు ఎంత టిప్పు ఇచ్చినా ఎవరి మొహంలోనూ నవ్వుండదు.

ముఖ్య ఆర్టిస్టు తన పేరు మీద తనే వ్యాపారం చేసుకుంటున్నావిడ అయితే నగదు టిప్పు అక్కర్లేదు. ఇంటి పెద్ద ముత్తయిదువ బొట్టు పెట్టి, పళ్లెంలో తాంబూలం, జాకెట్టు ముక్క, పైన 516 పెట్టి ఇస్తే ఎంతో మర్యాద. ఆవిడ దగ్గర పని చేసేవాళ్లకి మాత్రం నగదే. జడ వేసిన అమ్మాయికి 500, చీర కట్టినావిడకి 300, పక్కనుండి పిన్నులందించిన పిల్లకి 200, డ్రైవర్‌కి 200. ఆర్టిస్టు చేతికిచ్చి పంచమనొద్దు, ఎవరి కవరు వాళ్లకి. కవరు మీద పేరు తెలియకపోతే "జడ", "చీర", "కారు" అని రాసుకోండి.

ఈ కవర్లు పెళ్లికూతురి తల్లి దగ్గర ఉంచారంటే అంతే. టీము పెట్టెలు సర్దుకునే వేళకి ఆవిడ మండపంలో పీటల దగ్గర ఉంటారు, కవర్లు బీరువాలో ఉంటాయి, తాళం ఎక్కడుందో ఎవరికీ తెలీదు. మేనత్తకో పిన్నికో అప్పగించండి, టీము గది వదిలే ముందు ఇచ్చేయాలని చెప్పి.

భోజనం మర్చిపోకండి. పెళ్లికూతురిని గది దాటించేదాకా వాళ్లు లేవలేరు, అప్పటికి బంతులన్నీ అయిపోయి గిన్నెలు కడుగుతుంటారు. వంటవాళ్లకి ముందే చెప్పి డ్రైవర్‌తో సహా అందరికీ తీసి పెట్టించండి. కవరు ఇచ్చి ఆకలితో పంపితే ఊళ్లో చెప్పుకునేది ఆకలి గురించే.

ఇక గోళ్లు తీసే ఆయన సంగతి. దాన్ని టిప్పుల చిట్టాలో రాయొద్దని వాళ్లకి గట్టిగా చెప్పండి. పెళ్లికొడుకుని చేసినప్పుడు ఆయనకిచ్చేది ఆ తంతులో ఆయనకి రావలసిన కట్నం. బియ్యం, కొబ్బరికాయ, తాంబూలంతో పళ్లెం, దాని మీద డబ్బు. ఎంతన్నది ఆ ఇంటి పెద్దలని, ఆయన్నీ ముందే అడిగి మాట్లాడుకోవాలి. సన్నాయి మేళం కూడా వాళ్ల కుటుంబమే అయితే ఆ ఒప్పందం పూర్తిగా వేరు, రెండూ కలిపేయకండి.

కోటగుమ్మం:

చాలా థాంక్సండీ. ఇన్ని 20లు, 50లు ఎక్కడ దొరుకుతాయన్నదే ఇప్పుడు బెంగ.

పద్దుపుస్తకం:

బ్యాంకు బ్రాంచిలో వారం పది రోజుల ముందే చెప్పి ఉంచండి. కట్టకి 100 నోట్లు, అంటే 20ల కట్ట 2,000, 50లది 5,000. మీకు ఒక్కోటి చాలు. పెళ్లిళ్ల రోజుల్లో బజారులో కొత్త నోట్ల కట్టల మీద పైన వేసుకుని అమ్ముతారు, అక్కడ కొనకండి. 516 పళ్లేనికి ఒక 10 నోటు, 5 బిళ్ల, రూపాయి బిళ్ల విడిగా మూట కట్టుకోండి, ఆఖరి నిమిషంలో దొరకనిది ఆ రూపాయే.